ఎంగిలి కుంచె

పోయిన మాఘమాసంలో ఒక పెళ్లికి అక్కతో పాటు వెళ్లాను. చుట్టంగా కాదు, అక్కకి సాయంగా. అక్క తెనాలిలో బ్యూటీ పార్లర్ నడుపుతుంది. పెళ్లిళ్ల రోజుల్లో పగలూ రాత్రీ పనే. ఆ వేళ ఆమె దగ్గర పనిచేసే అమ్మాయికి జ్వరం. నేను హైదరాబాదు నుంచి రెండు రోజులుండిపోదామని వచ్చాను. ‘‘ఊరికే కూర్చునే బదులు నా వెంట రావే, బ్రష్షులు అందిద్దువుగాని’’ అంది. తెల్లవారుజామున నాలుగింటికి ముహూర్తం. రాత్రి పన్నెండున్నరకే మేం కల్యాణ మండపం పైగదిలో ఉన్నాం.

పెళ్లికూతురు అద్దం ముందు కూర్చుంది. అక్క నల్ల రెక్సిన్ చుట్ట విప్పి మంచం మీద పరిచింది. ఇరవై రెండు బ్రష్షులు, ఒక్కోటి ఒక్కో అరలో. పెళ్లికూతురి పెద్దమ్మగారు వాటివంక చూసి ‘‘ఇవన్నీ ఎవరెవరికి వాడారమ్మా?’’ అని అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. అడిగేవాళ్లు లేరనే అక్క ఎప్పుడూ విసుక్కుంటుంది. అందుకే సంతోషంగా చెప్పింది. ‘‘మొన్నొక పెళ్లికి వాడానండీ. ఆ రోజే కడిగి ఆరబెట్టి స్పిరిట్ కొట్టాను. పెదాలకీ కనురెప్పలకీ మాత్రం ఎవరివి వాళ్లకే, వాడి పారేసేవి.’’

ఆవిడ తలాడించారు. కాసేపాగి ‘‘మీరేమిట్లు?’’ అన్నారు.

‘‘నాయీ బ్రాహ్మలమండీ.’’

‘‘అంటే మంగళ్లు’’ అన్నారావిడ. గొంతులో కోపమేం లేదు. అనుమానం తీరినట్టుంది, అంతే. పక్కగదిలోకి వెళ్లి సీలు తియ్యని డబ్బా ఒకటి తెచ్చారు. అమెరికాలో ఉన్న చుట్టాలెవరో పంపిన బ్రష్షుల సెట్టు. ‘‘ఇవి వాడండి. మా పిల్లకి ఇంకొకళ్ల ఎంగిలెందుకు?’’

‘‘కొత్తవైనా ఓసారి కడిగి ఆరబెట్టాకే వాడాలండీ. ఇప్పుడు కడిగితే ఆరేది రేపటికే’’ అంది అక్క.

‘‘కొత్తవాటికి మురికేంటమ్మా!’’ అని ఆవిడ నవ్వి కిందికి వెళ్లిపోయారు.

అక్క ఆ కొత్త బ్రష్షులతోనే పని మొదలుపెట్టింది. కడగని కొత్త బ్రష్షుకి తయారీలో అంటిన రంగూ దుమ్మూ ఉంటాయి, పట్టులేని వెంట్రుకలుంటాయి. పౌడరు అద్దిన ప్రతిసారీ ఆ అమ్మాయి చెంప మీద ఒకటో రెండో రాలాయి. అక్క వాటిని ఒక్కొక్కటే చిటికెన వేలి కొనతో ఏరింది. అమ్మాయి అద్దంలోంచి చూస్తూ మెల్లగా ‘‘సారీ అక్కా’’ అంది. ‘‘తల కదపమాకమ్మా, కాటుక చెదురుద్ది’’ అంది అక్క.

పెళ్లికూతురు అయిపోయాక మిగతా ఆడవాళ్లు వరసకట్టారు. వదినలు, పిన్నులు, తోడికోడళ్లు. అందరికీ అక్క బ్రష్షులే. ఆఖర్న పెద్దమ్మగారు కూడా వచ్చి కూర్చున్నారు. ‘‘కొంచెం లైటుగా వెయ్యమ్మా’’ అన్నారు తప్ప ఎంగిలి మాట ఎత్తలేదు.

నాకది చాలారోజులు అర్థం కాలేదు. అరగంట క్రితం అంటుకోకూడనిది ఇప్పుడెలా అంటుకోవచ్చయింది? తర్వాత తట్టింది. ఆవిడ కాపలా కాసింది బ్రష్షుల్ని కాదు, పెళ్లికూతుర్ని. 1916లో అంబేడ్కర్ కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన వ్యాసంలో కులం నిలబడేది సొంతకులంలో పెళ్లి మీదేననీ, దానికోసం ఆడవాళ్ల మీద కట్టడి అవసరమవుతుందనీ వివరించాడు. ఆ వ్యాసాన్ని నేను విద్యార్థులకి పాఠం చెప్పాను కూడా. కానీ పెళ్లిపీటల మీదికి వెళ్లబోయే ఒక పిల్ల చెంప దాకా ఆ కట్టడి ఎలా వస్తుందో ఆ రాత్రి చూశాను. ఆ బ్రష్షుకున్నది మేకవెంట్రుక కావచ్చు. మేక అంటినా ఇబ్బంది లేదు. దాన్ని కడిగిన చెయ్యి ఎవరిదన్నదే ఇబ్బంది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నేను మండిపడుతూనే ఉన్నాను. అక్క చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి ‘‘కులం అడగటం రోజూ ఉండేదే గదే. దానికి నాకేం అనిపించదు. కడిగానని చెప్పినా కడిగినట్టు లెక్క కాలేదు చూడు, అదీ నాకు కష్టంగా ఉంది’’ అంది.

ఈ వ్యాసం ఆ మాట గురించే.

* * *

ఇంటికొచ్చేసరికి తెల్లారింది. పడుకుందామంటే అక్క ఒప్పుకోలేదు. ‘‘ఫౌండేషన్ ఎండితే రాదు. ముందు కడిగేద్దాం’’ అని పెరట్లో పీట వేసింది. ముప్ఫై ఆరేళ్ల వయసులో, డాక్టరేట్ వచ్చిన ఇన్నేళ్లకి, మా అక్క చేసే పనిని మొదటిసారి కూర్చుని నేర్చుకున్నాను.

నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. వేడిగా ఉంటే జిగురు వదులుతుంది. బ్రష్షుని మొత్తంగా ముంచకూడదు. కుచ్చు కిందికి వంచి కొనలు మాత్రమే తడపాలి. కుచ్చుని పిడికి కలిపే రేకు గొట్టం ఉంటుంది కదా, అందులో వెంట్రుకల్ని జిగురుతో బిగిస్తారు. నీళ్లు దాంట్లోకి పోతే జిగురు కరిగి వెంట్రుకలు రాలతాయి, కొయ్య పిడి ఉబ్బి పగులుతుంది. అరచేతిలో చంటిపిల్లల షాంపూ ఒక చుక్క వేసుకుని, కుచ్చుని అందులో గుండ్రంగా తిప్పాలి. రుద్దకూడదు. నురగలోంచి ముందు గోధుమరంగు వస్తుంది, తర్వాత గులాబీ, తర్వాత తెలుపు. తేటనీళ్లు వచ్చేదాకా మళ్లీ మళ్లీ జాడించాలి. జిడ్డు ఫౌండేషన్ పట్టినవాటికి ముందు రెండు చుక్కల కొబ్బరినూనె రాసి వదిలిస్తుంది అక్క. నూనెని నూనే లాగుతుంది, తర్వాత సబ్బు ఆ నూనెని లాగుతుంది.

నూలు తువ్వాల్లో పెట్టి అదిమి తడి తియ్యాలి. మెలిపెట్టి పిండకూడదు. వేళ్లతో కుచ్చుకి మునుపటి ఆకారం తేవాలి. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారట. తడి బ్రష్షుల్ని గ్లాసులో నిలబెడతారు. నీళ్లన్నీ కిందికి, రేకులోకి దిగుతాయి. అక్క వాటిని బల్ల అంచున పడుకోబెడుతుంది. పిడి బల్లమీద, కుచ్చు గాల్లో. అన్నివైపులా గాలి తగలాలి. ఎండలో పెట్టకూడదు, డ్రయ్యర్ అసలే వద్దు. చిన్నవి నాలుగైదు గంటల్లో ఆరతాయి. ఒత్తుగా ఉన్న పౌడరు బ్రష్షుకి ఒక రాత్రంతా పడుతుంది. అందుకే అక్క దగ్గర రెండు సెట్లు ఉన్నాయి. ఒకటి ఆరుతుంటే ఇంకొకటి పనిలో ఉంటుంది.

పూర్తిగా ఆరాకే స్పిరిట్. డెబ్బై శాతం ఆల్కహాలైతే మంచిది. అంతకన్నా చిక్కనిది త్వరగా ఆవిరైపోతుంది, కొంచెం నీళ్లుంటేనే అది సూక్ష్మజీవి లోపలికి పోయి పనిచేస్తుంది. ‘‘మరి ముందే స్పిరిట్ కొట్టేస్తే ఇంత కడగటం తప్పుతుంది కదా?’’ అని అడిగాను. ‘‘మురికి మీద స్పిరిట్ పనిచేయదే. మురికి అడ్డం ఉంటది. ముందు కడగాల్సిందే’’ అంది. పొడి రంగులకి జంతువుల వెంట్రుకల బ్రష్షులు బాగుంటాయి, వెంట్రుక మీద ఉండే సన్నటి పొలుసులు పొడిని పట్టుకుంటాయి. తడి రంగులకి నైలాన్ లాంటి కృత్రిమ పోగులు మంచివి, అవి ద్రవాన్ని పీల్చుకోవు, తొందరగా ఆరతాయి. స్పిరిట్ ఎక్కువైతే జంతువుల వెంట్రుక పెళుసెక్కుతుంది. కాబట్టి ఏది ఎంత తట్టుకుంటుందో దాన్ని బట్టి చెయ్యాలి.

ఇదంతా ఎందుకంటే ముఖం మీదుండే జిడ్డూ చెమటా చచ్చిన చర్మకణాలూ బ్రష్షులో చేరతాయి. తడి కూడా ఉంటే సూక్ష్మజీవులకి అంతకన్నా కావాల్సింది లేదు. చర్మం మీద చీముపొక్కులు, కళ్లకలక ఒకరినుంచి ఒకరికి అంటుతాయి. 2019లో ఇంగ్లండులోని ఆస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వాడకంలో ఉన్న సౌందర్య సాధనాల్ని పరీక్షించి చూశారు. ఎక్కువ భాగంలో బాక్టీరియా కనిపించింది. ఫౌండేషన్ అద్దే స్పాంజీల పరిస్థితి మరీ అన్యాయం. వాళ్లకి దొరికిన స్పాంజీల్లో 93 శాతం ఒక్కసారి కూడా కడగనివే. అవన్నీ ఒక్క మనిషి సొంతానికి వాడుకునేవి. ఎవరి ఎంగిలీ లేనివి. శుభ్రం మాత్రం లేదు.

అప్పుడు నాకొక తేడా అర్థమైంది. మడికీ శుభ్రానికీ మనం ఒకే మాట వాడేస్తుంటాం. మడి కట్టుకున్నవాళ్లు చూసేది ఇంతకు ముందు ఎవరు ముట్టుకున్నారు అన్నది. అందుకే మడిలో ఎంత కడిగినా పోనిది ఒకటి ఎప్పుడూ మిగిలే ఉంటుంది. పెరట్లో కూర్చుని తేటనీళ్లు వచ్చేదాకా జాడించే మనిషి చూసేది ఇకముందు ఎవరు ముట్టుకోబోతున్నారు అన్నది. ఎవరో తెలియని రేపటి మనిషి చెంప గురించి ఆమె ముందుగా ఆలోచిస్తోంది. ఆ ఆలోచనకి మనం ‘కడగటం’ అని పేరుపెట్టి లెక్కలోంచి తీసేస్తున్నాం.

* * *

అక్క ఆ రెక్సిన్ చుట్టని ‘పొది’ అంటుంది. బ్రష్ రోల్ అని కోర్సులో నేర్పారు గానీ ఆమెకి ఆ మాట నోరుతిరగలేదు. మా తాతకి తోలు పొది ఉండేది. కత్తి, కత్తెర, దువ్వెన, గోరుగల్లు, సానరాయి, చిన్న అద్దం, నురగ చేసే కుచ్చు. ఊళ్లో ఇళ్ల అరుగుల కింద కూర్చుని పనిచేసేవాడు. ఏడాదికోసారి కల్లంలో గింజలు కొలిచేవాళ్లు. తాత రోజూ రాత్రి ఆ కుచ్చుని కుంకుడు నీళ్లతో కడిగి చూరులో దోపేవాడని అమ్మ చెప్పేది. మా నాన్న ఆ అరుగుల కింద కూర్చోనని తెనాలి వచ్చి సెలూన్ పెట్టుకున్నాడు. ఎయిడ్స్ భయం వచ్చిన రోజుల్లో తాత కత్తిని పెట్టెలో పెట్టేసి, మనిషికో కొత్త బ్లేడుముక్క వాడటం మొదలుపెట్టాడు. ‘‘ఒకడి నెత్తురు ఇంకొకడికి అంటకూడదు, అది మన పూచీ’’ అనేవాడు. మనిషి తన గొంతు మీదికి కత్తి రానిచ్చేది ఎంతో నమ్మకం ఉంటేనే. అంత నమ్మకమున్న మనిషిని అరుగు మీదికి రానివ్వరు!

మా నాయనమ్మ మంత్రసాని. మా కులపు ఆడవాళ్లు చాలా ఊళ్లలో ఆ పని చేసేవాళ్లు. ఊళ్లో చాలామంది పిల్లల్ని ఈ లోకంలో మొట్టమొదట ముట్టుకున్నది ఆమె చేతులు. బొడ్డు కోసి, నీళ్లు పోసి, ముఖం తుడిచి తల్లి పక్కన పడుకోబెట్టేది. పురుడు తీరాక ఆ ఇంట్లో ఆమెని మంచినీళ్ల బిందె ముట్టుకోనిచ్చేవాళ్లు కాదు. ఆ పిల్లల ముఖాలకి ఎంగిలి ఎప్పుడు అంటిందో, ఎప్పుడు పోయిందో మరి.

అంటే మా ఇంట్లో మూడు తరాలుగా ఒకే పని జరుగుతోంది. ఇతరుల ముఖాల్ని చేతుల్లోకి తీసుకోవటం, ఒకళ్లది ఇంకొకళ్లకి అంటకుండా చూడటం. ఇంత స్పష్టంగా కళ్లముందున్నదాన్ని నేను చూడలేదు. ఎందుకు చూడలేదో చెప్పుకోవాలి.

నేను తెలుగు కథల్లో స్త్రీ శరీరం మీద పరిశోధన చేశాను. 1993లో వచ్చిన ‘నీలిమేఘాలు’ చదివి ఊగిపోయిన వయసు నాది. 1990లో నవోమీ ఉల్ఫ్ రాసిన ‘ద బ్యూటీ మిత్’ నా బల్లమీద ఎప్పుడూ ఉండేది. సౌందర్య పరిశ్రమ స్త్రీల ఆత్మవిశ్వాసాన్ని ఎలా కొల్లగొడుతుందో ఒక అధ్యాయం మొత్తం రాశాను. అందులో ‘వీధికొకటి వెలిసిన బ్యూటీ పార్లర్లు’ అని ఒక వాక్యం ఉంది. చాలామంది మెచ్చుకున్నారు. సెమినార్లలో చదివి చప్పట్లు కొట్టించుకున్నాను. ఫెలోషిప్ డబ్బు ఆలస్యమైన నెలల్లో హాస్టల్ మెస్ బిల్లు కట్టింది ఆ వీధికొకటి వెలిసినవాటిలో ఒకటి. థీసిస్ టైపుకీ బైండింగుకీ డబ్బులు అక్కే పంపింది. నా స్నేహితురాళ్లు ‘‘మీ అక్క ఏం చేస్తారు?’’ అంటే ‘‘సొంత వ్యాపారం’’ అనేదాన్ని. కృతజ్ఞతల పేజీలో గురువులకీ గ్రంథాలయాలకీ పేరుపేరునా ధన్యవాదాలు చెప్పి, చివర ‘నా కుటుంబ సభ్యులకు’ అని రాశాను.

నా సిగ్గు రెండు రకాలుగా ఉండేది. స్త్రీవాదిగా పార్లర్ గురించి సిగ్గు. మంగలి ఇంటి పిల్లగా పొది గురించి సిగ్గు. మొదటిదాన్ని అడ్డం పెట్టుకుని రెండోదాన్ని దాచుకున్నానని ఇప్పుడు తెలుస్తోంది. సిద్ధాంతం మంచిదే, అది నాకు చాలా ఇచ్చింది. కానీ నా వ్యాసాల్లో అలంకరించుకునే ముఖం ఉంది, ఆ ముఖాన్ని చూసే మగవాడి చూపు ఉంది, డబ్బు చేసుకునే కంపెనీ ఉంది. బ్రష్షు పట్టుకున్న చెయ్యి ఒక్కటే లేదు.

బ్రష్షు అమాయకమైనదని చెప్పటం లేదు. అక్కతో నేను పోట్లాడేది ఉండనే ఉంది. నల్లగా ఉన్న పిల్లని తెచ్చి ‘‘రెండు షేడ్లు తెల్లగా కనపడాలి’’ అంటారు తల్లులు. అక్క చేస్తుంది. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ పేరు గ్లో అండ్ లవ్లీగా మారింది. పెళ్లిచూపుల్లో అడిగే రంగు మారలేదు. ‘‘ఎందుకు చేస్తావే?’’ అంటే ‘‘నేను కాదంటే పక్క పార్లర్ చేస్తది. నేనైతే మెడకీ ముఖానికీ తేడా లేకుండా చేస్తా’’ అంటుంది. ఈ సమాధానం నాకు చాలదు. నా అధ్యాయం ఆమెకి చాలదు. ఇద్దరం అలాగే ఉన్నాం.

* * *

పని ఒకటే అయినా అది ఎవరి చేతిలో ఉంటే దానికి ఏ పేరు వస్తుందో చూడండి. బొమ్మలు వేసేవాడిది కుంచె, మా అక్కది బ్రష్షు. మా తెనాలి నాటకాల ఊరు. స్థానం నరసింహారావు ఇక్కడి శ్రీరామ విలాస సభలో సత్యభామగా రంగస్థలం ఏలాడు. 1956లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. మగవాడు అర్దళం పూసుకుని ఆడదైతే అది కళ. ఆ వేషం గురించి ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. రంగుగిన్నెలు కడిగిన చేతుల గురించి ఎవరూ చెప్పుకోరు.

సినిమాల్లో ఇంకో చిత్రం జరిగింది. ముంబయి సినిమా పరిశ్రమలో మేకప్ కళాకారుల సంఘం దశాబ్దాల పాటు ఆడవాళ్లకి మేకప్ ఆర్టిస్టుగా సభ్యత్వమే ఇవ్వలేదు. ఆడవాళ్లు జుట్టు దువ్వొచ్చు, ముఖానికి రంగు వెయ్యటం మాత్రం మగవాళ్ల పని. చారు ఖురానా అనే మేకప్ కళాకారిణి, మరికొందరు కలిసి సుప్రీంకోర్టుకి వెళ్లారు. 2014 నవంబరు 10న న్యాయమూర్తులు దీపక్ మిశ్రా, యు.యు. లలిత్ ఆ నిబంధన చెల్లదని తీర్పు చెప్పారు. ఇంటి దగ్గర కాటుక పెట్టడం, జడలు వెయ్యటం, పెళ్లికూతుర్ని చెయ్యటం ఆడవాళ్ల పని. దానికి జీతమూ కార్డూ వచ్చేచోట మగవాళ్ల పని. వంటకి జరిగిందే దీనికీ జరిగింది. ఈ తీర్పు మన స్త్రీవాద పత్రికల్లో ఎంత చర్చకి రావాలో అంత రాలేదని నా ఫిర్యాదు. నేనూ రాయలేదు కాబట్టి ఆ ఫిర్యాదు నామీద కూడా.

జపాన్‌లో హిరోషిమా దగ్గర కుమానో అనే ఊరుంది. ఆ ఊరి కుంచెల్ని 1975లో జపాన్ ప్రభుత్వం సంప్రదాయ హస్తకళగా గుర్తించింది. ఒకప్పుడు రాతకుంచెలకి పేరుపడ్డ ఊరు, తర్వాత మేకప్ బ్రష్షులకి కూడా ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. 2011లో జపాన్ ఆడపిల్లలు ఫుట్‌బాల్ ప్రపంచకప్పు గెలిస్తే వాళ్ల ప్రభుత్వం జాతీయ గౌరవ పురస్కారంతో పాటు కుమానో మేకప్ బ్రష్షులు బహుమతిగా ఇచ్చింది. ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లు మండింది. కప్పు గెలిచినా ముఖం దిద్దుకోమనేనా? ఇప్పటికీ కొంచెం మండుతుంది. కానీ అక్కకి చెబితే ఆమె అడిగింది వేరే. ‘‘బ్రష్షులు చేసేవాళ్లకి అంత గౌరవమా అక్కడ?’’ అంది. ఒకే వార్తలో ఇద్దరం రెండు చోట్ల ఆగాం. తను ఆగినచోట నేనెప్పుడూ ఆగలేదు.

2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు పార్లర్ నెలల తరబడి మూతపడింది. తెరిచాక జనం ఒక్కసారిగా శుభ్రం గురించి అడగటం మొదలుపెట్టారు. ఇరవై ఏళ్లుగా తను చేస్తున్నదాన్ని ఇప్పుడు అడిగి మరీ చూస్తున్నారని అక్క ముందు సంబరపడింది. కొన్నాళ్లకి తెలిసింది, ఆ అడగటంలో రెండు రకాలున్నాయని. కొందరు బ్రష్షుని చూసి అడుగుతారు, కొందరు మనిషిని చూసి అడుగుతారు. వెనకటికి మైల, ఎంగిలి అనేవాళ్లు. ఇప్పుడు ‘హైజీన్’ అంటున్నారు. పాత మాటకి కొత్త చొక్కా దొరికింది. మొదటిరకం వాళ్లకి కడిగానని చెబితే చాలు. రెండోరకం వాళ్లకి ఏం చెప్పినా చాలదు.

* * *

ఆ రోజు పెరట్లో కడుగుతున్నప్పుడు అక్క చేతులు దగ్గరగా చూశాను. వేళ్ల సందుల్లో చర్మం పగిలి ఉంది. ఏళ్లతరబడి సబ్బునీళ్లు, స్పిరిట్. డాక్టరు గ్లవ్స్ వేసుకోమన్నాడు. వేసుకుంటుంది గానీ చివరి జాడింపుకి మాత్రం తీసేస్తుంది. కుచ్చులో జిడ్డు మిగిలిందో లేదో తొడుగుల్లోంచి తెలియదట. ఇరవై రెండు బ్రష్షులకి గంటన్నర పట్టింది. పెళ్లికి ఇచ్చే డబ్బులో ఈ గంటన్నర లేదు. ‘మేకప్ రెండు గంటలు’ అని లెక్క. ముందు రాత్రి, మర్నాడు పొద్దున లెక్కలోకి రావు. ఇంట్లో వంట లెక్కలోకి వచ్చి అంట్లు రానట్టే.

‘‘లెక్కలో కలిపి అడగొచ్చు కదే’’ అన్నాను.

‘‘కడిగినందుకు కూడా డబ్బులా అంటారు’’ అంది. కాసేపు ఆలోచించి ‘‘అడుగుతాలే. ఈసారి రేటు కార్డులో రాయిస్తా. నువ్వే రాసిపెట్టు, మంచి తెలుగులో’’ అని నవ్వింది.

రాశాను. ‘పరికరాల శుద్ధి’ అని ముందు రాసి కొట్టేశాను. శుద్ధి అన్నమాట వాసన నాకు నచ్చలేదు. ‘బ్రష్షులు కడిగి ఆరబెట్టినందుకు’ అని రాసి పక్కన అంకె వేశాను. ఇన్నేళ్లలో నేను రాసిన వాక్యాల్లో అక్క చదివి సరిగ్గా ఉందన్నది ఇదొక్కటే. ఈ ఏడాది నా థీసిస్ పుస్తకంగా వస్తోంది. ఆ అధ్యాయం తీసెయ్యటం లేదు, దానికి ఇంకో అధ్యాయం కలుపుతున్నాను. ఓల్గా ‘సమాగమం’ కథలో శూర్పణఖ తోట పెంచుతుంది. ఆ కథని ముక్కూ ముఖం కోల్పోయిన స్త్రీ కథగానే నేను చదివాను. మట్టిలో పనిచేసే ఆమె చేతుల దగ్గర ఆగి మళ్లీ చదవాల్సి ఉంది. కృతజ్ఞతల పేజీ మాత్రం మొత్తం మారుస్తున్నాను. ఈసారి అక్క పేరు, ఆమె వృత్తి పేరు, నాయనమ్మ పేరు, ఆమె వృత్తి పేరు ఉంటాయి.

ఆ సాయంత్రం నేను బండెక్కేముందు అక్క బల్ల దగ్గరికి పిలిచింది. ఆరినవాటిని చుట్టలో సర్దాలి. చూడటానికి అన్నీ పొడిగానే ఉన్నాయి. ‘‘చూపుని నమ్మకూడదు. లోపల తడి ఉంటే చుట్టలో బూజు పడుతుంది’’ అంది. వేళ్లకి పగుళ్లు ఉన్నాయి కాబట్టి ఆమెకి వేలితో సరిగా తెలియటం లేదట. రోజూ తన చెంపకి ఆనించి చూసుకుంటుంది. ఆ రోజు తన ముఖమంతా చెమటగా ఉందని నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. పెద్ద బ్రష్షుని నా చెంప మీద ఆనించి అలా ఉంచింది. నా ముఖం మీద ఎవరైనా బ్రష్షు పెట్టడం అదే మొదటిసారి.

‘‘చల్లగా ఉందా?’’

‘‘లేదు.’’

‘‘అయితే ఆరినట్టే. సర్దు.’’